కటి ఎముక విరిగి వచ్చినవాళ్ళు

ఈ మధ్య సర్జరీ కోర్సులో చేరిన ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. మాటల మధ్యలో, "మీ రోజుల్లో స్కానింగులు లేవు కదండీ, పెల్విస్ విరిగినవాళ్ళని ఎలా చూసేవారు?" అని అడిగింది. "చాలామందిని సరిగ్గా చూడలేదమ్మా" అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు.

ఆ అమ్మాయి వెళ్ళాక ఇది రాయడం మొదలుపెట్టాను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఎవరు ఏ ఫైలు తొక్కిపెట్టారు అనేవి ఇందులో ఉండవు. అవి నాకే సరిగ్గా గుర్తులేవు. గుర్తున్నవి కొన్ని మొహాలు. డెబ్బైల్లోనూ, ఎనభైల్లోనూ కోనసీమలో ఒక చిన్న ప్రభుత్వాసుపత్రిలో సర్జన్‌గా పనిచేశాను. అది ఏ ఊరో రాయను. ఆ మనుషుల పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. పేర్లు కూడా మార్చాను.

అడుగులేని గిన్నె

నడుముకి కింద రెండు తుంటి ఎముకలూ, వెనక వెన్నెముక చివరి భాగమూ కలిసి ఒక గిన్నెలా ఉంటాయి. దాన్నే పెల్విస్ అంటాం. తెలుగులో కటి. అడుగులేని గిన్నె అది. అందులో మూత్రాశయం ఉంటుంది, ఆడవాళ్ళకి గర్భసంచి ఉంటుంది, వెనక గోడకి ఆనుకుని పెద్ద పెద్ద రక్తనాళాలు ఉంటాయి. చెయ్యి విరిగితే చెయ్యే విరుగుతుంది. ఇది విరిగితే లోపలున్నవన్నీ ప్రమాదంలో పడతాయి.

మా వైపు ఇది విరగడానికి మొదటి కారణం కొబ్బరిచెట్టు. కాయలు దింపేవాళ్ళు కాళ్ళకి తాడు బందం వేసుకుని, ఏ ఆధారమూ లేకుండా అంతెత్తు ఎక్కేవారు. వానాకాలంలో మాను పాచిపట్టి ఉండేది. పడినవాళ్ళలో కొందరు పడినచోటే పోయేవారు. కొందరు మా దగ్గరికి వచ్చేవారు. ఆ తర్వాత కారణాలు లారీలు, ఎడ్లబళ్ళు, కాలవలోకి పల్టీకొట్టిన బస్సులు.

ఎవరు వచ్చినా వెంట వచ్చినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "మళ్ళీ నడుత్తాడాండీ?" మేమూ దానికే జవాబు చెప్పేవాళ్ళం. అసలు అడగవలసిన ప్రశ్న అది కాదని నాకు వీర్రాజు నేర్పాడు. నేర్పడానికి అతను బతికి లేడు.

వీర్రాజు

వీర్రాజు కాట్రేనికోన వైపు దింపు కార్మికుడు. ముప్పై ఏళ్ళుంటాయి. పొద్దున్నే చెట్టు మీంచి పడితే, పదిగంటల వేళకి రిక్షాలో ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకొచ్చారు. విరిగిన కటితో అంత దూరం కూర్చుని వచ్చాడు. మాట్లాడుతూనే ఉన్నాడు.

"ఎక్కడ నొప్పి?" అన్నాను.

"నడుం కిందండి. కాళ్ళు నాయి కానట్టున్నాయండి డాట్రుగారూ."

నేను చేరి అప్పటికి ఏడాది కాలేదు. చదువుకున్నది చదువుకున్నట్టు చేశాను. రెండు తుంటి ఎముకల మీద రెండు అరచేతులూ పెట్టి లోపలికి నొక్కాను, బయటికి లాగాను. చేతుల కింద ఎముక కదిలింది. నాకు సంతోషం కలిగింది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాయాలి. రోగనిర్ణయం నేను ఒక్కణ్ణే, ఎక్స్‌రే తియ్యకముందే చేశానని సంతోషం. పక్క గదిలో ఉన్న పిల్లల డాక్టరుగారిని పిలిచి చూపించాను. ఆయనా నొక్కి చూసి తలాడించారు. ఎక్స్‌రే బల్ల మీదికి ఎక్కించేటప్పుడు ఒకసారి, దించేటప్పుడు ఒకసారి అతన్ని పక్కకి దొర్లించారు.

పొట్ట మెత్తగా ఉంది. ఒంటి మీద ఒక్క చుక్క నెత్తురు లేదు. నాడి మాత్రం వేగంగా ఉంది. నొప్పి వల్లేమో అనుకున్నాను. సెలైను పెట్టి, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి, వరండాలో నించున్న అతని భార్యతో మూడు నెలలు మంచం మీద ఉండాలని, తర్వాత నడుస్తాడని చెప్పాను.

వీర్రాజు దాహం అన్నాడు. ఒకసారి కాదు, వరసగా అంటూనే ఉన్నాడు. ఆపరేషన్ అవసరం పడుతుందేమోనని నేను నీళ్ళివ్వద్దన్నాను. అది తప్పు కాదు. అంత దాహం ఎందుకు వేస్తోందని ఆలోచించకపోవడం తప్పు. లోపల నెత్తురు పోతున్న మనిషికి నాలుక పిడచకట్టుకుపోతుంది. ఒంటిగంట దాటాక మాట తడబడింది. రెండు కాకముందే పోయాడు.

మా పెద్ద డాక్టరు గంగాధరం గారు ఆ రోజు ఏదో క్యాంపుకి వెళ్ళి సాయంత్రానికి వచ్చారు. పొడుగ్గా, ఎప్పుడూ కోపంగా ఉన్నట్టు కనిపించే మనిషి. కేసు కాగితం చదివి, "ఎందుకు పోయాడు?" అన్నారు.

"తెలియలేదండి. రక్తం ఎక్కడా పోలేదు."

మర్నాడు పోస్టుమార్టం ఆయనే నా చేత చేయించారు. పొట్టలో ఏమీ లేదు. పేగులన్నీ పక్కకి తీసి, వెనక పొర కోయమన్నారు. కోశాను. దాని వెనక అంతా గడ్డకట్టిన నెత్తురు. దోసిళ్ళతో తీసి ఎనామెల్ బేసిన్‌లో వేస్తున్నాను. బేసిన్ నిండింది. ఇంకా ఉంది.

"కనపడకపోతే లేనట్టేనా?" అన్నారు గంగాధరం గారు. నేను బేసిన్ బల్ల మీద పెట్టాను. "ఎముక ఎన్నిసార్లు కదిపావు?"

లెక్కపెట్టుకున్నాను. "నేనూ, పిల్లల డాక్టరుగారూ, ఎక్స్‌రే దగ్గర... నాలుగైదు సార్లండి."

"లోపల నెత్తురు గడ్డకట్టి కారడం ఆగుతూ ఉంటుందయ్యా. కదిపినప్పుడల్లా ఆ గడ్డ ఊడిపోతుంది." అరవలేదాయన. అరిస్తే బావుండును అనిపించింది. "పద. ఆ అమ్మాయితో నువ్వు మాట్లాడాలి."

వీర్రాజు భార్య వరండా చివర గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మేం బతికించలేకపోయామమ్మా అని చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసి, "నీళ్ళడిగేడండి. మీరొద్దన్నారని నేనివ్వలేదండి" అంది.

నా ఉద్యోగ జీవితంలో ఆ తర్వాత ఎవరి కటి ఎముకనీ కదిపి చూడలేదు. ఇది చదివే డాక్టర్లెవరైనా ఉంటే, మీరూ కదపకండి. విరిగిందో లేదో చెప్పడానికి ఎక్స్‌రే ఉంది. మీ చేతులు అక్కర్లేదు.

మార్తమ్మ గారి నడికట్టు

మా ఆసుపత్రిలో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి హెడ్ నర్సు మార్తమ్మ గారు. ఆవిడ చదివింది తక్కువ. ఇరవై ఏళ్ళు ప్రసూతి వార్డులో చేసి మా వార్డుకి వచ్చారు.  వీర్రాజు పోయిన కొన్ని నెలలకి అప్పారావు అనే మనిషిని లారీ గుద్దేసిందని తీసుకొచ్చారు. సైకిల్ మీద అరటిగెలలు వేసుకుని వెళ్తున్నవాణ్ణి. ఎక్స్‌రేలో కటి ఎముక ముందువైపు పుస్తకం తెరిచినట్టు తెరుచుకుని ఉంది. నాడి అందడం లేదు.

"ఏవండీ," అన్నారు మార్తమ్మ గారు, "పురిటాలికి నడికట్టు కడతాం కదండీ, అలా ఈయనకీ కట్టేద్దామాండీ? తెరుచుకున్నది కొంచెం మూసుకుంటదేమోనండి."

నేను పక్కనే ఉన్న గంగాధరం గారి మొహం చూశాను. విరిగిన కటిని వారాల తరబడి గుడ్డ ఊయలలో వేలాడదీసి ఉంచడం మాకు తెలుసు. వచ్చిన నిమిషంలో గుడ్డ బిగించి కట్టాలని మాకెవరూ చెప్పలేదు. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "కట్టండి" అన్నారు.

దుప్పటిని నాలుగు మడతలు వేసి ఆవిడ కట్టారు. పురిటాలికి కట్టినట్టు నడుముకి కాదు. ఇంకా కిందికి, తొడలు మొదలయ్యే చోట పక్కలకి చేతికి తగిలే ఎముకల మీదుగా. అటూ ఇటూ ఇద్దరం పట్టుకుని బిగించాం. మోకాళ్ళు రెండూ కలిపి కట్టాం. రక్తం ఎక్కించాం. గంటలో నాడి అందింది. అప్పారావు బతికాడు.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కానీ అదే రోజు నేను ఇంకో పని చేశాను. అతనికి మూత్రం రావడం లేదు. మూత్రనాళం చివర ఒక నెత్తుటి చుక్క కనిపించింది. ఆ చుక్క కనిపిస్తే లోపల నాళం చిరిగి ఉండొచ్చని, కింద నుంచి గొట్టం వెయ్యకూడదని నేను చదివాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ప్రాణం నిలబడిందన్న ఊపులో గొట్టం అందుకున్నాను. అడ్డం తగిలింది. కొంచెం గట్టిగా తోశాను. సగం చిరిగిన నాళం పూర్తిగా తెగిపోయింది.

ఆ తర్వాత పొట్ట మీద కన్నం పెట్టి మూత్రం బయటికి తియ్యవలసి వచ్చింది. నాళం అతుక్కుంది గానీ ఇరుకుగా అతుక్కుంది. ఏళ్ళ తరబడి ప్రతి నెలా అప్పారావు వచ్చేవాడు. ఇనప కడ్డీ వేసి ఆ దారి వెడల్పు చేసేవాణ్ణి. పళ్ళు బిగబట్టి ఓర్చుకునేవాడు. అయిపోగానే లేచి దండం పెట్టేవాడు. "ఈ బాబే నాకు ప్రాణం పోసేరు" అని పక్క మంచాలవాళ్ళతో చెప్పేవాడు. అతని నెలనెలా బాధకి కారణం నేనే అని చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. చెప్పలేదు. ఒక నెల రాలేదు. తర్వాత నెలా రాలేదు. మూత్రపిండాలు పాడై పోయాడని ఎవరో చెప్పారు.

ముక్తేశ్వరం రేవు

గంగాధరం గారి దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది. ఆయన తప్పు కూడా చెప్పకపోతే ఇది రాసి ప్రయోజనం లేదు. రోగి తన ఆసుపత్రిలో చనిపోవడం ఆయనకి ఇష్టం ఉండేది కాదు. ఎవరికీ ఉండదు. కానీ ఆయన, పోతాడనిపించినవాణ్ణి గోదావరి దాటించి పంపేసేవారు.

అబ్బులు గారని గోదావరి లంకల్లో రైతు. అరవై దాటాయి. ఆయన్ని గేదె గోడకేసి కుమ్మింది. కటి ఎముక వెనకవైపు విరిగింది. నడికట్టు కట్టాం. రక్తం కావాలి. మా దగ్గర నిల్వ ఉండేది కాదు, అప్పటికప్పుడు ఎవరో ఒకరు ఇవ్వాలి. వెంట వచ్చినవాళ్ళలో తమ్ముడి రక్తం సరిపోయింది. "రత్తం తీసేత్తే ఇంక పొలం పని చెయ్యలేనంటండి" అని అతను బయటికెళ్ళి మళ్ళీ రాలేదు.

"కాకినాడ పంపెయ్" అన్నారు గంగాధరం గారు.

"ఈ స్థితిలో పంపితే దారిలో పోతారండి. ఊళ్ళో ఇంకెవరినైనా అడుగుదాం. సాయంత్రం దాకా చూద్దాం."

"ఇక్కడ పోతే మన మీదికొస్తారు. నువ్వు కూడా వెళ్ళు."

వెళ్ళాను. అంతకంటే గట్టిగా ఎందుకు చెప్పలేదని ఇప్పటికీ నన్ను నేనే అడుగుతుంటాను. భయపడ్డాను, అంతే. ముక్తేశ్వరం రేవుకి చేరేసరికి, మనుషుల్నీ బళ్ళనీ నది దాటించే పంటు అవతల కోటిపల్లి ఒడ్డున ఉంది. గోదారి ఎర్రగా పొంగి ఉంది. పంటు రావడానికి గంటన్నర పట్టింది. వ్యాన్‌ని దాని మీదికి ఎక్కించేటప్పుడు పడిన కుదుపుకి అబ్బులు గారు మూలిగారు. అదే ఆయన నోట్లోంచి గట్టిగా వచ్చిన ఆఖరి శబ్దం. నేను సెలైను సీసా ఎత్తి పట్టుకుని నించున్నాను. నదిలో సగం దూరం వెళ్ళాక ఆయన కొడుకు నా చెయ్యి పట్టుకున్నాడు.

"చూడండి. ఊపిరాడతందాండీ?"

ఆడటం లేదు.

"వెనక్కి తిప్పమనండి బాబూ. ఇంటికి పట్టుకెళ్ళిపోతాం."

పంటు నిండా జనం. అవతల బస్సు అందుకోవలసినవాళ్ళు. తిప్పలేదు. అవతలి ఒడ్డుకి వెళ్ళి, మళ్ళీ అది నిండేదాకా ఆ ఇసకలో శవంతో కూర్చుని, అదే పంటు మీద తిరిగొచ్చాం. 

పెద్దాసుపత్రికి పంపడం తప్పు కాదు. చాలామందిని పంపే బతికించాం. నెత్తురు ఆగకముందు, రక్తం ఎక్కించకముందు పంపడం తప్పు. పంపమని రాసే ముందు, ఇది రోగి కోసం రాస్తున్నామా మన కోసం రాస్తున్నామా అని ఒక్కసారి ఆలోచించండి.

సత్యవతి

ఎనభైల మొదట్లో గంగాధరం గారు రిటైరయ్యారు. వార్డు నాకొచ్చింది. అప్పటికి నేను, మార్తమ్మ గారు ఊళ్ళలో ఎక్కడ కనిపించిన వాళ్ళకి అక్కడ చెప్పేవాళ్ళం. చెట్టు మీంచి పడినవాణ్ణి కూర్చోబెట్టకండి, తలుపు ఊడదీసి దాని మీద పడుకోబెట్టి తీసుకురండి అని. కొందరు వినేవారు.

పలివెల నుంచి సత్యవతిని అలాగే తలుపు మీద తీసుకొచ్చారు. పదిహేడేళ్ళ పిల్ల. కొబ్బరికాయల బండి కాలవ గట్టు మీద ఒరిగిపోయి, కల్వర్టు గోడకీ బండి చక్రానికీ మధ్య నలిగిపోయింది. తండ్రి నాగన్న కూలిపని చేసే మనిషి. మార్తమ్మ గారు మెట్ల దగ్గరే వాళ్ళమ్మ చీర కొంగు అడిగి చింపి తీసుకుని నడికట్టు కట్టేశారు. ఎవరూ ఎముక కదపలేదు. ఆ రోజు ఒక్కటే ఎక్స్‌రే తీశాం. గొట్టం జోలికి వెళ్ళలేదు, మూత్రం దానంతటదే తేటగా వచ్చింది. నేను చేసిన తప్పులన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ, ఆ రోజు ఏదీ మళ్ళీ చెయ్యలేదు.

రక్తం దగ్గర మళ్ళీ ఇబ్బంది వచ్చింది. నాగన్నది సరిపోలేదు. తల్లి తనే పాలిపోయి ఉంది. అప్పుడు మా నాన్నగారు కంటికి మందు వేయించుకోవడానికి వచ్చి వరండాలో కూర్చుని ఉన్నారు. ఆయన వేదం చెప్పుకున్న మనిషి. నేను డాక్టరు చదువుతానంటే, శవాలని ముట్టుకోవాలి కదరా అని నెల రోజులు నాతో మాట్లాడలేదు. లోపల జరుగుతున్న మాటలు విని లేచొచ్చారు.

"నాది సరిపోతుందేమో చూడరా."

"మీకెందుకు నాన్నగారూ, ఈ వయసులో."

"యాభై ఎనిమిదేళ్ళు ఒక వయసా? చూడు."

సరిపోయింది. ఆయన రక్తం ఒక సీసా, మా కాంపౌండరుది ఒక సీసా ఎక్కించాం. నాన్నగారు మోచెయ్యి మడిచి కూర్చుని, "పిల్ల పేరేమిటీ?" అని అడిగారు. ఆ తర్వాత నేను ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఆయన మొదటి మాట, "సత్యవతి ఎలా ఉందిరా?" అనే.

పది వారాలు ఊయలలో ఉంచాం. ఈ ఎముక విరిగినవాళ్ళలో కొందరు నెత్తురు పోయి మొదటిరోజు పోతారు. కొందరు మంచం మీద నడ్డి పుళ్ళు పడి, చీము పట్టి, నెలల మీద పోతారు. రెండో చావు ఎవరూ పట్టించుకోరు. మార్తమ్మ గారు రోజూ రెండుపూటలా ఆ పిల్ల వీపు తుడిచి పౌడరు రాసేవారు. ఒక్క పుండు పడలేదు. పదకొండో వారం సత్యవతి మంచం పట్టుకుని నించుంది. తర్వాత నడిచింది. కొంచెం కుంటు ఉంది, అంతే. వార్డులో అందరూ చూడ్డానికి వచ్చారు.

డిశ్చార్జి రోజున ఆఖరి ఎక్స్‌రే కిటికీ వెలుగులో పట్టుకుని చూశాను. ఎముక గట్టిగా అతికింది. కుడివైపు సగం లోపలికి తోసుకుపోయి అతికింది. అది చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. నడుస్తోంది కదా అనుకున్నాను. చీటీ మీద "ఎముక అతికింది, నడుస్తోంది" అని రాశాను. నాగన్నతో, "ఇంక ఏ భయమూ లేదు, తీసుకెళ్ళు" అన్నాను.

రెండేళ్ళకి నాగన్న పసుపు పూసిన శుభలేఖతో వచ్చాడు. "మీరు పెట్టిన నడకేనండి. అయ్యగారిని కూడా తీసుకురావాలండి." నాన్నగారూ నేనూ పలివెల వెళ్ళాం. పెళ్ళికొడుకు నగరం అనే ఊరి పక్క పల్లెవాడు, నెమ్మదస్థుడు. సత్యవతి పీటల మీంచి లేచి వచ్చి కాళ్ళకి దండం పెట్టింది. అక్షింతలు వేసి, "పిల్లాపాపలతో చల్లగా ఉండమ్మా" అన్నాను.

ఆ మాట అంటున్నప్పుడు కూడా నాకు ఆ ఎక్స్‌రే గుర్తు రాలేదు.

రెండు రోజుల నొప్పులు

మరుసటి ఏడాది వేసవిలో, మధ్యాహ్నం ఓపీ ముగిసే వేళకి బయట బండి ఆగింది. నాగన్న గొంతు వినిపించి బయటికి వచ్చాను. బండిలో సత్యవతి. నెలలు నిండిన పొట్ట. పెదాలు తెల్లగా ఉన్నాయి. నొప్పులు వచ్చి రెండు రోజులైందట, ఆ ఉదయం నుంచి ఉన్నట్టుండి నొప్పులు ఆగిపోయాయట. పొట్ట మీద చెయ్యి వేశాను. బిడ్డ చేతులూ కాళ్ళూ చర్మం కిందే తగులుతున్నాయి. గర్భసంచి చిట్లిపోయిందని అర్థమైంది.

"ఇంతసేపు ఎందుకుంచారమ్మా?" అని తల్లి మీద అరిచాను.

"మంత్రసాని చెప్తానే ఉందండి, తల కిందికి దిగట్లేదని," అంది ఆవిడ. "మీరు ఇంక ఏ భయం లేదన్నారు కదండీ. అందుకని మేం కంగారు పడలేదండి."

మార్తమ్మ గారు నా వైపు చూసి, వెంటనే మొహం తిప్పుకుని ట్రే సర్దడం మొదలుపెట్టారు.

ఆపరేషన్ చేశాను. లోపలికి తోసుకుని అతికిన ఆ ఎముక నా వేలికి తగిలింది. బిడ్డ తల దాని దగ్గరే ఆగిపోయింది. ముందుగా తెలిసుంటే, నెలలు నిండగానే తీసుకొచ్చి సిజేరియన్ చేసి ఉంటే, ఇద్దరూ ఇంటికి వెళ్ళేవారు. అది నాకు తెలుసు. వాళ్ళకి తెలియడానికి దారి లేదు, ఎందుకంటే నేను చెప్పలేదు. బిడ్డ అప్పటికే పోయింది. గర్భసంచి కుట్టడానికి వీల్లేకుండా చిరిగిపోయింది. తీసెయ్యవలసి వచ్చింది. సత్యవతిని మాత్రం దక్కించుకున్నాం.

సాయంత్రం ఇంటికి వెళ్తే నాన్నగారు, "సత్యవతిని తెచ్చారటగా, ఏం పుట్టింది?" అన్నారు. జరిగినదంతా చెప్పాను, ఎక్స్‌రే సంగతితో సహా. ఆయన చేతిలో పుస్తకం మూసి పక్కన పెట్టారు. తర్వాత, "ఆ అమ్మాయికి చెప్పావా?" అన్నారు.

"ఇంకా స్పృహలో లేదండి."

"వచ్చాక చెప్పు."

అయిదో రోజు పొద్దున్న వార్డు రౌండు అయ్యాక ఆమె మంచం దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. మార్తమ్మ గారు తెర లాగి బయటికి వెళ్ళిపోయారు. సత్యవతికి అప్పటికే బిడ్డ పోయిందని తెలుసు. గర్భసంచి సంగతి ఎవరూ చెప్పలేదు.

"ఆడపిల్లాండీ, మొగపిల్లోడాండీ?" అని అడిగింది. "ఎవర్నడిగినా చెప్పట్లేదండి."

"ఆడపిల్లమ్మా."

 నేను చెప్పడం మొదలుపెట్టాను. గర్భసంచి తీసేశానని చెప్పాను. ఇంక పిల్లలు పుట్టరని చెప్పాను. తర్వాత అప్పటి దెబ్బకి ఎముక లోపలికి వంగి అతికిందని, నేను అది చూశానని, నీకు కాన్పు మామూలుగా అవదని ఆ రోజే నీకూ మీ నాన్నకీ చెప్పి ఉండవలసిందని, చెప్పలేదని చెప్పాను. అప్పారావుకి ఇలా చెప్పలేకపోయాను. 

"అప్పుడు చెప్పుంటే బతికేదాండీ?"

"బతికేది."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే వినడానికి సిద్ధపడే కూర్చున్నాను. ఆమె పైకప్పు వైపు చూస్తూ, మా వైపు పెద్దవాళ్ళు ఏదైనా చెబితే విన్నామని అనే ఒక్క మాట అంది.

"ఆయ్."

ఆ తర్వాత కటి ఎముక విరిగిన ఏ ఆడపిల్లనీ కాన్పు సంగతి చీటీ మీద ఎర్రసిరాతో రాయకుండా, తల్లినీ తండ్రినీ కూర్చోబెట్టి చెప్పకుండా ఇంటికి పంపలేదు. అలా పంపినవాళ్ళలో కొందరు పిల్లలనెత్తుకుని వచ్చి చూపించారు. సంతోషించాను.

సత్యవతి కుట్లు విప్పిన రోజున మొగుడి భుజం పట్టుకుని నడిచి వెళ్ళింది. మళ్ళీ మా ఆసుపత్రికి రాలేదు. నాగన్న కూడా రాలేదు. పలివెలవాళ్ళు ఇప్పుడు మా ఆసుపత్రి దాటి ఇంకా దూరంగా ఉన్న డాక్టరు దగ్గరికి వెళ్తున్నారని విన్నాను.